ధర్మనిధి వెనుకనున్న మనుష్యులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఏ గ్రామమందలి గ్రంథాలయమునకు పోయినను వాకిటి గోడలో ఒక చలువరాతి పలక కనబడును. స్థలమిచ్చినవారి పేరు, కట్టడమునకు ధనమిచ్చినవారి పేరు, ప్రారంభోత్సవము జరిపిన పెద్దల పేరు దానిపై చెక్కబడియుండును. అది ఉచితమే. దాతను మఱచిన గ్రామము దానమును కూడ మఱచును. కాని సాయంకాలమున దీపము వెలిగించినవారు, చెదలు పట్టిన పుస్తకములను ఎండలో ఆరబెట్టినవారు, చదువనేరని ముదుసలికి వార్తాపత్రిక చదివి వినిపించినవారు ఆ పలకమీద నుండరు. గ్రంథాలయ మిరువదియైదేండ్లు బ్రతికినదన్న, ఈ రెండు తెగలవారును కలిసినందువలననే బ్రతికినది.

ఈ చిన్న సంగతియే ప్రపంచమంతటను పనిచేసిన ఒక పెద్ద ధర్మసంస్థ విషయమునను సత్యము. అది అమెరికాదేశమందలి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్. 1913వ సంవత్సరము మే 14వ తేదీన న్యూయార్కు రాష్ట్ర శాసనముచే స్థాపితమై, ప్రపంచమందలి మానవులందఱి క్షేమమును పెంపొందించుటయే తన పనిగా ప్రకటించుకొని, నేటికిని నడచుచున్నది. దాని వెనుక నిలిచిన మనుష్యులెవరు, వారిలో ఎవరికి లోక మెంత ఋణపడియున్నది యనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

మొదట ధనమిచ్చినవాని సంగతి. జాన్ డి. రాక్‌ఫెల్లర్ 1839లో న్యూయార్కు రాష్ట్రమందలి రిచ్‌ఫర్డు అను పల్లెలో జన్మించెను. తండ్రి ఊరూర తిరిగి మందులమ్మువాడు. వైద్యవిద్య యెఱుగకయే క్యాన్సరును కూడ కుదుర్తునని చాటుకొన్నవాడు. నెలల తరబడి ఇల్లు విడిచి పోవుచుండెడివాడు. తల్లి దైవభక్తియు పొదుపును గలది. బూటకపు మందులమ్మినవాని కుమారుని ధనము శాస్త్రీయ వైద్యమునకు ఆధారమగుట చరిత్రలో నొక వింత. ఆ కుమారుడు 1855 సెప్టెంబరు 26వ తేదీన, పదునాఱేండ్ల ప్రాయమున, క్లీవ్‌లండు నగరమందొక వర్తకుల కొట్టులో గుమాస్తాగా కుదిరెను. ఆ దినమును జీవితాంతము పండుగగా జరుపుకొనెను. సొంత ఆదాయవ్యయములకు ఒక చిన్న చిట్టా పెట్టెను. అందు బసకును బట్టలకును అయిన ఖర్చుతోపాటు, దేవాలయమునకును బీదలకును ఇచ్చిన సెంట్లు కూడ లెక్కగా నున్నవి. కోటీశ్వరుడైన తరువాత దానము నేర్చినవాడు కాడు. జీతగాడుగా నున్ననాడే దాత.

అదే చిట్టా వ్రాసిన చేయి 1870లో స్టాండర్డు ఆయిల్ కంపెనీని స్థాపించి, పదేండ్లలో ఆ దేశపు కిరోసిను వ్యాపారమును దాదాపుగా చేజిక్కించుకొనెను. రైలు కంపెనీలతో రహస్యముగా రాయితీలు కుదుర్చుకొని, పోటీకి నిలిచిన చిన్న వర్తకులను లొంగదీసెను. అట్లు దెబ్బతిన్న పెన్సిల్వేనియా చమురుప్రాంతపు కుటుంబమున పెరిగిన ఐడా టార్బెల్ అను విదుషి, 1902 మొదలు 1904 వరకు ఒక మాసపత్రికలో ఆ కంపెనీ చరిత్రను దస్తావేజుల ఆధారముతో ప్రకటించెను. 1911లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము కంపెనీని విడగొట్టవలసినదిగా తీర్పుచెప్పగా, అది 34 కంపెనీలైనది. కావున ధర్మసంస్థ పుట్టినప్పుడు, “అత్త సొమ్ము అల్లుడు దానము” అన్న సామెతవంటి మాటలే అమెరికాలోను వినబడెను. జాతీయ శాసనసభ ఆ సంస్థకు అనుమతిపత్ర మిచ్చుటకు సమ్మతింపలేదు. అందుచేతనే అది రాష్ట్ర శాసనము నాశ్రయింపవలసివచ్చెను. ఆ ఆక్షేపణ అన్యాయమైనది కాదు. దానికి సమాధానము మాటలలో దొరకదు. తరువాతివారు చేసిన పనిలో వెదకవలెను.

రెండవవాడు ఫ్రెడరిక్ గేట్సు. 1853లో జన్మించిన బాప్టిస్టు మతబోధకుడు. చికాగో విశ్వవిద్యాలయ స్థాపనకై చందాలు సమకూర్చుచు రాక్‌ఫెల్లరుకు పరిచితుడై, ఆయన దానములకు సలహాదారయ్యెను. అప్పటికా ధనికుని గుమ్మమున యాచకులకును, బల్లపై యాచనా లేఖలకును అంతు లేకుండెను. అడిగినవానికెల్ల చిల్లరగా నిచ్చుచు పోయిన, ధనము తఱుగునేగాని దుఃఖము తఱుగదని గేట్సు గ్రహించెను. ఒక్కొక్క బీదవానికి ఒక్కొక్క డాలరు పంచుటకంటె, బీదతనమునకు మూలమైన కారణము నొకదానిని పట్టుకొని దానిపై ధనమంతయు పెట్టుట మేలని ఆయన తలపు. ఆ కారణమేదో తెలియక వెదకుచుండగా, దారి చూపినది ఒక పుస్తకము.

1897 వేసవిలో గేట్సు సెలవులు గడపుటకు పోవుచు, విలియం ఆస్లర్ అను ప్రసిద్ధ వైద్యుడు విద్యార్థులకొఱకు రచించిన వైద్యశాస్త్ర గ్రంథమును వెంటగొనిపోయెను. వైద్యుడు కాని ఆ మతబోధకుడు ప్రక్కన నిఘంటువు పెట్టుకొని ఆ బృహద్గ్రంథమును ఆద్యంతము చదివెను. చదివి దిగ్భ్రాంతి చెందెను. రోగలక్షణములు ప్రతి పుటలోను చక్కగా వర్ణింపబడియున్నవి. నిశ్చయముగా కుదుర్చు మందు మాత్రము ఏ నాలుగైదు రోగములకో తప్ప లేదు. అనేక రోగములకు క్రిములు కారణమని తెలిసినను, వానిని శోధించుటకు జీతమిచ్చి కూర్చుండబెట్టిన మనుష్యులు అమెరికాలో లేరు. ఆయన వెంటనే ఒక విజ్ఞాపన వ్రాసి యజమానికి పంపెను. దాని ఫలితముగా 1901లో న్యూయార్కునందు రాక్‌ఫెల్లర్ వైద్యపరిశోధనాలయము వెలసెను. ఆ యేటి ప్రారంభముననే రాక్‌ఫెల్లర్ మనుమడు, చిన్న బాలుడు, స్కార్లెట్ జ్వరముతో మరణించెను. అంతటి ధనికునికిని ఆనాడు కొనుటకు మందు దొరకలేదు. ఒక పాఠకుడు ఒక గ్రంథమును శ్రద్ధగా చదివినందువలన కలిగిన ఫలము లోకములో ఎంతవరకు పోగలదో చూపుటకు ఇంతకంటె మంచి యుదాహరణము గ్రంథాలయ సభకు దొరకదు.

మూడవ, నాల్గవవారు చార్లెస్ స్టైల్సు, విక్లిఫ్ రోజ్ అనువారు. అమెరికా దక్షిణ రాష్ట్రములలోని బీద రైతులు పాలిపోయిన మొగములతో, ఉబ్బిన కడుపులతో, నాలుగడుగులు వేసిన ఆయాసపడుచుండెడివారు. వారు పుట్టు సోమరులని లోకము నిందించుచుండెను. జంతుశాస్త్రజ్ఞుడగు స్టైల్సు 1902లో దీనికి కారణము కొంకిపురుగని తెలిపెను. ఈ పురుగుపిల్లలు తడినేలలో పెరిగి, చెప్పులులేని పాదముల చర్మమును తొలిచికొని రక్తమున ప్రవేశించి, ఊపిరితిత్తులమీదుగా గొంతునకు ప్రాకి, అచ్చటినుండి ప్రేగులకు చేరి, ప్రేగుగోడను కఱచి నెత్తురు పీల్చును. రోగి బయలులో విసర్జించిన మలముద్వారా గ్రుడ్లు మరల నేల చేరును. వార్తాపత్రికలు దీనికి “సోమరితనపు క్రిమి” యని పేరుపెట్టి నవ్వుకొనెను. స్టైల్సు మాటను ఏడేండ్లు ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు. గేట్సు పట్టించుకొనెను. 1909లో రాక్‌ఫెల్లర్ 10 లక్షల డాలర్లు ఇచ్చి, కొంకిపురుగు నిర్మూలన సంఘమును ఏర్పఱచెను. దాని నిర్వాహకుడుగా వచ్చినవాడు రోజ్. ఆయన వైద్యుడు కాడు, తత్త్వశాస్త్రాచార్యుడు, మితభాషి.

రోజ్ పద్ధతి తెలిసికొనదగినది. మొదట ఏ జిల్లాలో రోగ మెంతయున్నదో లెక్కగట్టవలెను. పిమ్మట ఉన్న రోగులకు మందీయవలెను. మూడవది, రోగము మరల రాకుండ మరుగుదొడ్లు కట్టుట నేర్పవలెను. ఈ పనులన్నియు సంఘము పేరుతో కాక, ఆయా రాష్ట్ర ఆరోగ్యశాఖల పేరుతోనే జరుగవలెను. ఖర్చులో స్థానిక ప్రభుత్వమును కొంత భరింపవలెను. పరాయివాడు వచ్చి చేసిన మేలు వాడు పోయిననాడే పోవునని ఆయనకు తెలియును. మందు సామాన్యమైనది. థైమాల్, అనగా తెలుగువారి యిండ్లలో వాముపువ్వుగా ఎఱిగిన ద్రవ్యమే. దానికి ముందు వెనుకల భేదికై ఎప్సం ఉప్పు. ఊరి న్యాయస్థానపు ఆవరణమందో, చెట్లనీడనో ఒక దినము వైద్యుడు దిగును. కుటుంబములకు కుటుంబములు బండ్లు కట్టుకొని, అన్నము మూట గట్టుకొని తిరునాళ్లకు వచ్చినట్లు వచ్చును. సూక్ష్మదర్శినిలో పురుగు గ్రుడ్లను చూపుదురు. సీసాలలో పురుగులను చూపుదురు. తమ దేహమునందేమి యున్నదో కన్నులార చూచినవాడు మందునకు వెనుదీయడు. లక్షలకొలది పల్లె బిడ్డలను పరీక్షింపగా నూటికి దాదాపు 40 మందికి ఈ రోగమున్నట్లు తేలెను.

సంఘము పేరులో నిర్మూలన యున్నను నిర్మూలన జరుగలేదు. మరుగుదొడ్లు ఏర్పడని ఊళ్లలో మందు మ్రింగినవారికే రోగము మరల సోకెను. 1914 ముగియునప్పటికి సంఘపు పని కట్టుబడెను. ఐనను శ్రమ వృథా కాలేదు. రోగ మెక్కువగానున్న ప్రాంతములలో, చికిత్స జరిగిన పిదప, బడికి వచ్చు పిల్లల సంఖ్యయు చదువ నేర్చినవారి సంఖ్యయు ఇతర ప్రాంతములకంటె హెచ్చుగా పెరిగినట్లు 2007లో వెలువడిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన చూపినది. నెత్తురులేని బిడ్డకు అక్షరము పట్టుబడదు. గ్రంథాలయమునకు పాఠకులను తయారుచేయువారిలో మరుగుదొడ్డి కట్టినవాడును ఒకడని ఆ లెక్కలు చెప్పుచున్నవి.

1913లో ఫౌండేషన్ ఏర్పడగానే రోజ్ చేతికే దాని అంతర్జాతీయ ఆరోగ్యశాఖ అప్పగింపబడెను. అదే పద్ధతి సముద్రములు దాటెను. 1920వ దశకమున ఆ శాఖ వైద్యులు చెన్నపురి రాజధానికిని వచ్చి, ప్రభుత్వ ఆరోగ్యశాఖతో కలిసి కొంకిపురుగు వ్యాధిపై పనిచేసిరి. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడా రాజధానిలోనివే. 1932లో కలకత్తాలో ప్రారంభమైన అఖిలభారత ప్రజారోగ్య విద్యాలయమునకును ఈ సంస్థయే ధనసహాయము చేసెను.

ఐతే ఈ ధర్మసంస్థకు ఏడాది నిండకముందే ఒక ఘోరము జరిగెను. కొలరాడో రాష్ట్రమందలి లడ్లో అనుచోట బొగ్గుగని కార్మికులు సమ్మెచేసి, కంపెనీ యిండ్లనుండి వెళ్లగొట్టబడి గుడారములలో నివసించుచుండిరి. ఆ గనుల కంపెనీలో రాక్‌ఫెల్లర్ కుటుంబమునకే పెద్ద వాటా. 1914 ఏప్రిల్ 20వ తేదీన రాష్ట్ర సైనికులు ఆ గుడారములపై కాల్పులు జరిపిరి, గుడారములు తగులబడెను. ఒక గుడారము క్రింద త్రవ్వుకొన్న గోతిలో దాగిన యిద్దఱు స్త్రీలును పదునొకండుగురు పిల్లలును ఊపిరాడక మరణించిరి. దేశదేశముల పిల్లల ఆరోగ్యమునకు ధనమిచ్చువారి గనులవద్దనే పిల్లలు చచ్చిరని ప్రజలు మండిపడిరి. రాక్‌ఫెల్లర్ కుమారుడు, ఫౌండేషన్ అధ్యక్షుడు, విచారణ సంఘము ముందర నిలిచి సమాధానము చెప్పుకొనవలసివచ్చెను. 1915లో ఆయన కొలరాడోకు స్వయముగా పోయి, గనులలోనికి దిగి, కార్మికుల యిండ్లలో కూర్చుండి మాటలాడెను. ఆయన మనస్సు మారినదనువారున్నారు. పేరు కాపాడుకొనుటకే పోయినాడనువారున్నారు. ఏది యెట్లైనను, ఆ పదునొకండుగురు పిల్లలును ఈ సంస్థ చరిత్రలోనివారే. వారిని విడిచి చెప్పిన చరిత్ర సగము చరిత్ర.

ఇక ప్రాణములొడ్డినవారి సంగతి. ఎల్లో ఫీవరు, అనగా పచ్చజ్వరము, ఆఫ్రికాను దక్షిణ అమెరికాను పీడించుచున్న మహావ్యాధి. అది దోమకాటువలన వచ్చునని 1900లో క్యూబాయందు వాల్టరు రీడు సంఘము ఋజువుచేసెను గాని, రోగకారకమేదో తెలియలేదు. హిడేయో నోగుచి అను జపానుదేశీయుడు, పసితనమున పొయ్యిలోపడి ఎడమచేయి కాలినవాడు, బీద రైతుకుటుంబమున పుట్టి స్వయంకృషితో రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయపు శాస్త్రజ్ఞుడైనవాడు, 1918లో ఈక్వడారుదేశమునకు పోయి రోగక్రిమిని కనుగొంటినని ప్రకటించెను. అది పొరపాటు. ఆయన కనుగొన్నది వేఱొక రోగపు క్రిమి.

సత్యము తేల్చుటకు ఫౌండేషన్ 1925లో పశ్చిమాఫ్రికాయందలి లాగోసు నగరమున ఒక పరిశోధనా సంఘమును నెలకొల్పెను. 1927 జూనులో గోల్డుకోస్టు, అనగా నేటి ఘానా, దేశమందొక పల్లెలో అసీబీ అను ఇరువదియెనిమిదేండ్ల ఆఫ్రికావాసికి జ్వరము వచ్చెను. అతని నెత్తురును తీసి భారతదేశపు జాతియగు రీసస్ కోతికి ఎక్కింపగా, ఆ కోతి పచ్చజ్వరముతో చచ్చెను. రోగకారకము జల్లెడకు చిక్కని వైరసని అడ్రియన్ స్టోక్సు, బౌవర్, హడ్సన్ అను మువ్వురు నిరూపించిరి. అసీబీ కోలుకొనెను. స్టోక్సు కోలుకొనలేదు. ప్రయోగములు చేయుచునే రోగమునకు చిక్కి, తన నెత్తురును కూడ పరీక్షకు వినియోగింపుడని చెప్పి, 1927 సెప్టెంబరులో మరణించెను. నోగుచి తన సిద్ధాంతమును తానే పరీక్షించుకొనుటకు ఆక్రా నగరమునకు వచ్చి, 1928 మే 21వ తేదీన ఆ జ్వరముతోనే పోయెను. తొమ్మిది దినములకు, ఆయనకు తోడ్పడిన విలియం యంగ్ అను వైద్యుడును పోయెను. మఱుసటియేట పాల్ లూయిస్ బ్రెజిలుదేశమున బలియయ్యెను. తప్పుచేసిన శాస్త్రజ్ఞుడు ఆ తప్పును వెదకుచు ప్రాణమిచ్చుట తక్కువ గౌరవము కాదు.

ఆ అసీబీ నెత్తురులోని వైరసునే మాక్స్ థైలర్ అను దక్షిణాఫ్రికా దేశీయుడు న్యూయార్కు ప్రయోగశాలలో కోడిపిండపు కణములలో మరల మరల పెంచి, రోగము కలిగింపక రక్షణమాత్రము నిచ్చునట్లు మెత్తబడిన 17డి అను వంగడమును 1937లో లోకమున కిచ్చెను. 1951లో ఆయనకు నోబెలు బహుమతి లభించెను. 1940 మొదలు 1947 వరకు ఫౌండేషన్ 2 కోట్ల 80 లక్షల మోతాదులకు పైగా టీకామందు తయారుచేసెను. నేటికిని లోకమంతట వాడుచున్న పచ్చజ్వరపు టీకాలు ఆ వంగడపు సంతతివే. ఆ రోగమున్న ఆఫ్రికా దేశములకు ఉద్యోగములకై పోవు తెలుగువాడు టీకా వేయించుకొని ధ్రువపత్రము తీసికొనుచున్నాడు. ఆ పత్రము లేనిదే అచ్చటినుండి భారతదేశమునకు తిరిగివచ్చుటయు సులువు కాదు. ఆ టీకాబిందువు మూలము ఘానా పల్లెలోని ఒక జ్వరపీడితుని నెత్తురు.

ఈ విజయగాథకును ఒక మచ్చ యున్నది. 1942లో అమెరికా సైనికులకు వేసిన ఈ టీకామందులో, నిలువకై మనుష్యుల రక్తరసమును కలిపిరి. దానివెంట కామెర్లను కలిగించు వేఱొక వైరసు కూడ పోయెను. దాదాపు 50,000 మంది సైనికులు కామెర్లతో ఆసుపత్రుల పాలైరి. అట్టి ప్రమాదమును బ్రెజిలులోని ఫౌండేషన్ వైద్యులు ముందే గుర్తించి రక్తరసమును మానివేసియుండిరి. న్యూయార్కువారు ఆ హెచ్చరికను వేళకు చెవిని బెట్టలేదు. తరువాత రక్తరసము లేకుండనే మందు తయారుచేసిరి. మేలుచేయు తలంపు మాత్రమే చాలదనియు, దూరమున పనిచేయువాని మాటను కేంద్రమున కూర్చున్నవాడు వినవలెననియు ఈ ఉదంతము బోధించుచున్నది.

1952లో పూనానగరమున భారత వైద్యపరిశోధన మండలియు ఈ ఫౌండేషనును కలిసి వైరసు పరిశోధనాకేంద్రమును స్థాపించిరి. 1957లో కన్నడదేశపు అడవులలో కోతులు చచ్చుచుండగా, క్యాసనూరు అడవిజ్వరపు వైరసును గుర్తించినది ఆ కేంద్రమే. కాలక్రమమున అమెరికావారు తప్పుకొనిరి. సంస్థ పూర్తిగా భారతీయుల చేతిలో పెరిగి నేడు జాతీయ వైరాలజీ సంస్థగా నున్నది. రోజ్ కోరినది ఇదియే. దాత వెళ్లిపోయిన పిదపకూడ పని నిలిచెనేని, ఆ దానము సఫలమైనట్లు.

ఇప్పుడు పలకపై ఎవరి పేరు చెక్కవలెను? ధనమిచ్చినవాడు రాక్‌ఫెల్లర్. ఆ ధనములో కిరోసిను వాడిన బీదల పైకమును, లొంగదీయబడిన వర్తకుల నష్టమును, గనికూలీల చెమటయు నున్నవి. దారి చూపినవాడు ఒక పుస్తకము చదివిన గేట్సు. పద్ధతి నేర్పినవాడు రోజ్. ప్రాణమిచ్చినవారు స్టోక్సు, నోగుచి, యంగ్, లూయిస్. నెత్తురిచ్చినవాడు అసీబీ. అతనిని ఎవరును దాతయని పిలువలేదు. అతని సమ్మతి యడిగిరో లేదో కూడ చరిత్ర చెప్పుట లేదు. దానము గొప్పదే, కాని దాతయొక్కని పేర ధర్మమంతయు జమకట్టుట లెక్క తప్పుట. తొలిజీతములో ఇచ్చిన సెంట్లను కూడ చిట్టాలో వ్రాసికొన్న ఆ గుమాస్తాకు లెక్క తప్పుట ఎంతమాత్రము నచ్చియుండదు.

రాతిపలక చిన్నది. దానిపై నాలుగు పేర్లకంటె ఎక్కువ పట్టవు. పట్టని పేర్లను దాచియుంచుటకే గ్రంథములున్నవి; ఆ గ్రంథములను దాచియుంచుటకే గ్రంథాలయములున్నవి. ఇరువదియైదేండ్లుగా దీపము వెలిగించినవారి పుణ్యమున ఈ గ్రంథాలయము ఇట్లే వర్ధిల్లి, అసీబీవంటివారి పేర్లను ముందుతరముల పిల్లలచే చదివించుగాక.